కాళమ్మ కట్టిన తరుగు

కాళమ్మ దగ్గర ఏది దాచినా తగ్గేది కాదు. అదే ఆవిడ కొంప ముంచింది. ముంచినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి చివరిదాకా దాచి అప్పుడు కళ్ళొత్తుకునే రకం కాదు నేను, అందుకే ముందే చెప్పేస్తున్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో లేదో గానీ, చెప్పకపోతే మాత్రం రోజూ కంచం ముందు కూర్చోగానే గుర్తొస్తోంది.

నా పేరు లక్ష్మీకుమారి. మా ఆయన గోపినాథ్ కాంట్రాక్టరు. మా ఇల్లు మిడిల్ పాయింట్‌లో. ఊరి చివర ఆస్టినాబాద్‌లో మాకు కొంచెం భూమి ఉంది, అందులో ఒక చేపల చెరువు ఉండేది. ఆ చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో పదకొండేళ్ళు ఉన్న మనిషి కాళమ్మ.

ఆవిడది సోంపేట అవతల సముద్రపొడ్డు పల్లె. పదహారేళ్ళకి వీరన్నని కట్టుకుని విశాఖపట్నంలో ఈ దీవులకి ఓడెక్కింది. మూడు రోజులూ వాంతులు తప్ప ఇంకేమీ చూడలేదని చెప్పి నవ్వేది. జంగ్లీఘాట్‌లో, చేపలవాళ్ళ వీధిలో దిగిన మర్నాడే చేపలు ఎండేసే పనిలో పడింది. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ నిలవలేదు. వీరన్న ఒక సెప్టెంబరులో డింగీ పడవ వేసుకుని వెళ్ళాడు, డింగీ దొరికింది, వీరన్న దొరకలేదు. ఇంత సంగతీ ఆవిడ నాకు ఒకే ఒకసారి, చేప పొలుసు తీస్తూ, వేరే ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పింది. తర్వాత మళ్ళీ ఎత్తలేదు.

జంగ్లీఘాట్ వాళ్ళలో ఒక పద్ధతి ఉండేదట. మెయిన్‌లాండ్ వెళ్ళేవాళ్ళు, వానలకి ఇల్లు కారేవాళ్ళు, తమ ఎండుచేపల తట్ట తీసుకొచ్చి నమ్మకమైన మనిషి దగ్గర దాచుకునేవాళ్ళు. ఈ దీవుల్లో వానంటే మే నెలలో పట్టుకుంటే డిసెంబరు దాకా వదలదు. తట్టలో నెత్తళ్ళు ఊరికే ఉంటాయా? చీమలు తింటాయి, పురుగు పడుతుంది, ఎలుక లాక్కుపోతుంది, చెమ్మకి పొడైపోతాయి. అయినా సరే, నిండు తట్ట దాచుకున్నవాడికి నిండు తట్టే తిరిగివ్వాలి. తగ్గినంతా దాచిన మనిషి తన చేపల్లోంచి నింపాలి. దాన్నే తరుగు కట్టడం అంటారు. ఇందులో ఇంకో ముక్క ఉంది, అది మరిచిపోకండి: తరుగు కట్టినట్టు నోరెత్తి చెప్పుకోకూడదు. చెబితే దాచుకున్నవాడు నీకు బాకీ పడ్డట్టు. అప్పుడది కట్టినట్టు కాదు.

ఈ పద్ధతి మిగతావాళ్ళు ఎంత పాటించారో నాకు తెలీదు. పురుగు పడిందమ్మా ఏం చేస్తాం అని చేతులు దులుపుకున్నవాళ్ళే ఎక్కువ ఉండుంటారు. కాళమ్మ మాత్రం ఒక ఏడాది తొమ్మిది తట్టలు దాచి, తొమ్మిదీ నిండుగా ఇచ్చి, తను ఆ వానాకాలం అంతా చారు నీళ్ళతో అన్నం తిందట. ఇది ఆవిడ చెప్పలేదు. వాళ్ళ కులపెద్ద గణపతి చెప్పాడు, అప్పట్లో గొప్పగా.

వీరన్న పోయాక ఆవిడ మా చెరువు గట్టుకి చేరింది. మా ఆయన ఏదో పనికి మట్టి తవ్వించుకుంటే గొయ్యి పడింది, వానకి నిండింది, అందులో రోహూ కట్లా పిల్లలు వేశాం. కాపలాకి మనిషి కావాలి. కాళమ్మకి గూడు కావాలి. షెడ్డు ఇచ్చాం, చిన్న చేపలు వండుకోమన్నాం. పదకొండేళ్ళలో ఒక్క పెద్ద చేప పోలేదు. నేను గట్టు మీద మరిచిపోయిన గొడుగు కూడా వారం తర్వాత కడిగి ఆరబెట్టి ఇచ్చేది.

ఇక ఆ తీగ సంగతి. ఇప్పుడు తలుచుకుంటే నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తుంది. చెరువు చుట్టూ ముందు మూడు బాదం చెట్లు ఉండేవి. ఎర్రగా పండి రాలిపోయే ఆకులు, గట్టంతా చెత్త. నాకు చిరాకు. మా చుట్టాలెవరో ఆదివారం వస్తే చూపించుకోవడానికి బాగుండాలని రెండు చెట్లు కొట్టించేశాను. ఒక లాడ్జి ముందు కుండీలో పాకుతున్న పసుపుపచ్చ పూల తీగ చూసి ముచ్చటపడి, నాలుగు ముక్కలు అడిగి తెచ్చి గట్టున గుచ్చాను. అబ్బో, అది మొక్కా దయ్యమా! ఏడాదిలో గట్టంతా పరుచుకుంది, రెండో ఏడు నీళ్ళ మీదకి వేలాడింది. వచ్చినవాళ్ళంతా ఫొటోలు దిగారు. గట్టు కూడా జారడం మానిందని మా ఆయన కూడా మెచ్చుకున్నాడు. మా ఆయన నన్ను మెచ్చుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

కాళమ్మకి మాత్రం ఆ తీగ నచ్చలేదు. దాని ఆకు నీళ్ళలో పడితే బేగి కుళ్ళిపోతోందని, నీరు కంపుకొడుతోందని రెండుసార్లు చెప్పింది. బాదం ఆకైతే నెలల తరబడి అడుగున ఉంటుంది, దాని కింద రొయ్యపిల్లలూ పురుగులూ చేరతాయి, వాటికోసం చేప వస్తుంది అంది. నీకు పువ్వులంటే గిట్టదులే అని నేను కసిరాను.

ఆ ఏడు ఎండలు చాలా ఎక్కువ. చెరువు బాగా దిగిపోయింది, దిగినచోటల్లా తీగ అల్లుకుపోయింది. మే నెలాఖరున వాన మొదలైంది. నాలుగు రోజులు ఆగకుండా కొట్టింది. నీళ్ళు రెండు మూడు అడుగులు లేచి ఆ తీగ మొత్తాన్ని ముంచేశాయి. వారం తిరిగాక ఒక పొద్దున్న కాళమ్మ తడి చీరతో మిడిల్ పాయింట్ దాకా నడిచొచ్చి మా గుమ్మంలో నిలబడింది. చెరువు చూడమంది. వెళ్ళి చూస్తే చెరువంతా తెల్లటి పొట్టలు. రెండేళ్ళు పెంచిన చేపలు, ఒక్కటి మిగల్లేదు. నీళ్ళు నల్లగా, కుళ్ళిన గుడ్ల వాసన.

మా ఆయన షెడ్డులోకి వెళ్ళి వెతికాడు. ఒక మూల సగం వాడిన బ్లీచింగ్ పౌడర్ పాకెట్ దొరికింది. దోమలకని వార్డువాళ్ళు ఇంటింటికీ పంచిందే, మా ఇంట్లోనూ ఉంది. ఆయనకి ఆ మాట చెప్పాను, చాలా మెల్లగా, వినపడితే వినపడింది లేకపోతే లేదన్నంత మెల్లగా. ఆయనకి దొరకాల్సింది దొరికింది. నీళ్ళలో పోసింది ఇదేనని తేల్చేశాడు. ఎవరో పక్కవాళ్ళు పోయించారన్నాడు. కాళమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, నీళ్ళలో విషం పెట్టే పుట్టుక కాదు తనది అని మాత్రం అంది. 

ఆ మాట జంగ్లీఘాట్ చేరడానికి పూట పట్టలేదు. చేపలు పట్టి బతికేవాళ్ళకి నీళ్ళలో విషం పెట్టడం కన్నా పాపం లేదు. మనిషిని చంపినవాడికైనా ఒక గ్లాసు టీ పోస్తారేమో. గణపతి మా ఆయనతో, అదే నిజమైతే కాళమ్మకి తమ వీధిలో చోటు లేదని, తేల్చి చెప్పమని అడిగాడు. అంటే మా షెడ్డు పోతే ఆవిడకి ఇంక ఎక్కడా కప్పు లేదు.

అప్పుడొచ్చింది హిమబిందు. మా ఆయన స్నేహితుడి కూతురు, ఇక్కడే పుట్టి పెరిగింది, చెరువుల మీద ఏదో రీసెర్చి చేస్తోంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, సగం హిందీ కలిపి. దుకాణం బోర్డు చదవమంటే మాత్రం కూడబలుక్కుంటుంది. చేపల సంగతి విని చెరువు చూసొచ్చి, మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని గంటసేపు చెప్పింది. గట్టు మీద ఏ చెట్టుంటే నీళ్ళకి ఆ తిండేనట. ఇక్కడి బాదం ఆకు గట్టిది, కొంచెం కొంచెంగా రాలుతుంది, కొంచెం కొంచెంగా కుళ్ళుతుంది, పురుగులు కొరుక్కుతింటాయి, చెరువుకి అరుగుతుంది. ఈ తీగ ఎక్కడో సముద్రాల అవతలి నుంచి తోటల కోసం తెచ్చిన పరాయి మొక్క. ఆకు పలచన, కాడ నిండా నీరు. మొత్తం ఒకేసారి మునిగితే వారం పది రోజుల్లో కుళ్ళిపోతుంది. అలా కుళ్ళేటప్పుడు నీళ్ళలో గాలంతా అదే తాగేస్తుంది. తెల్లవారే సరికి చేపకి ఊపిరి ఉండదు.

మా ఆయన చెయ్యి కడుక్కుని, తల మాత్రం నా వైపు తిప్పాడు. "తీగ ఎవరు తెచ్చారు?" అన్నాడు. ఆయనకి తెలుసు. తెలిసే అడిగాడు.

ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మీకు నేను ఉత్త రాక్షసిలా కనిపిస్తాను. కనిపించినా తప్పులేదు, అయినా వినండి. మా ఇల్లు కట్టేటప్పుడు వంటింటి టైల్స్ రంగు నేను ఎంచాను. జారుతున్నాయి. ఏడేళ్ళయింది, ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళని వంటింట్లోకి తీసుకెళ్ళి, మా ఆవిడ తెలివి చూడండి అని చూపిస్తాడు. కొట్టడు, తిట్టడు. నవ్విస్తాడు, నన్ను చూపించి పదిమందిని నవ్విస్తాడు. టైల్స్‌కే ఏడేళ్ళైతే చెరువెడు చేపలకి ఎన్నేళ్ళో నేను ఆ బల్ల దగ్గరే లెక్క వేసుకున్నాను.

మాటలు కాదు, కాగితం కావాలన్నాడు ఆయన. సరే, టెస్టు చేద్దామంది హిమబిందు. బాదం ఆకులు, తీగ ఆకులు ఆరబెట్టి, తూచి, వల సంచుల్లో కుట్టి చెరువులో ముంచుతుంది. నలభై రోజులు ఆగి తీసి మళ్ళీ తూస్తుంది. తీగ ఆకు ఎక్కువ తగ్గితే దోషం తీగది. తీగ పీకించేస్తాను, ముసలమ్మ ఉండొచ్చు అన్నాడు మా ఆయన. తగ్గకపోతే షెడ్డు ఎత్తేస్తాను, ఆవిడ దారి ఆవిడది. గణపతి కూడా ఒప్పుకున్నాడు.

చదువుకున్న పిల్లలు మాలాంటివాళ్ళకి గంట చెప్తారు, కాళమ్మల్లాంటి వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్తారు. ముప్పై సంచులు, ఒక్కోదానికి నంబరు బిళ్ళ. వెదురు గుంజలకి కట్టి నీళ్ళలోకి దింపేటప్పుడు కాళమ్మ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఒక్కో సంచీ అందించింది, అందించే ముందు ప్రతిదాన్నీ అరచేతిలో పెట్టి ఎత్తి చూసింది. నేను గట్టునే ఉన్నాను. హిమబిందు ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మామ్మా, ఇవి బహుత్ ముఖ్యం. దేంట్లో ఎంత వేశానో తూచి రాసుకున్నాను. నలభై రోజులకి వచ్చి ఎంత మిగిలిందో చూస్తాను. నీ రూమ్ కూడా వీటి మీదే ఉంది. సంభాల్‌కే, జాగ్రత్తగా, హా?"

"నీకు బెంగొద్దు పాపా," అంది కాళమ్మ. "నా కాడ తగ్గదు."

ఆ పిల్ల నవ్వి స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. ఆ మాటలో ఉన్న తిరకాసు నాకూ అప్పుడు తట్టలేదు. నిజంగా తట్టలేదు. ఆ తర్వాత ఎక్కడో దూరాన రంగత్‌లో ఇంకో పని పడి ఆ పిల్ల మధ్యలో ఒక్కసారి కూడా రాలేకపోయింది.

ముప్పయ్యో రోజో ముప్పై ఒకటో రోజో, కరివేపాకు కోసం నేను అటు వెళ్ళాను. వాన తెరిపిచ్చింది, ఎండ కాస్తోంది. షెడ్డు రేకుల మీద పాత వల పరిచి ఉంది, దాని మీద ఆ తీగ ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా ఎండుతున్నాయి, నెత్తళ్ళు ఎండేసినంత శుభ్రంగా. ఇదేంటి కాళమ్మా అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసింది, కొంగుతో మూతి తుడుచుకుంది, చిన్నపిల్లలా సిగ్గుపడింది.

దాచిన సరుకు పదిరోజులకొకసారి తీసి చూడడం ఆవిడకి అలవాటు. అలాగే ఒక సంచీ తీసి చూసిందట. బాదం ఆకుల సంచీ పెట్టినట్టే ఉంది. తీగ ఆకుల సంచీలో జిగట తప్ప ఏమీ లేదు.  ఇంకోటి తీసింది, అదీ అంతే. పదిహేనూ అంతే. ఆ గుంట, అంటే ఆ పిల్ల, రాసుకుని వెళ్ళింది, ఎంత మిగిలిందో చూస్తానంది, తన నీడ కూడా వాటిమీదే ఉందంది. ఏం చేస్తుంది? తీగ ఆకులు కోసి, ఆ పిల్ల ఎండబెట్టే వేసింది కదా అని ఎండబెట్టి, అరచేతి బరువు గుర్తుపెట్టుకుని అంతకి అంత నింపి, వల కుట్టే సూదితో అదే ముడి వేసి మళ్ళీ దింపింది. ఒక్క ముడి తేడా ఉండదు, నలభై ఏళ్ళు వలలు బాగుచేసిన చెయ్యి. ఇప్పటికి రెండుసార్లు నింపిందట. రేకుల మీద ఉన్నవి మూడోసారికి, ఇదే ఆఖరు.

"తరుగు కడతన్నాను అమ్మగోరు," అంది. "దాని తీగ సల్లగుండ, ఊరికే తగ్గిపోతంది. అలాగని దాసుకున్న గుంటకి తక్కువిస్తానేటి?"

నాకు అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. బల్ల దగ్గర విన్నదంతా ఒక్కసారి తిరిగొచ్చింది. ఎంత తగ్గితే ఈ ముసలిదానికి అంత మంచిది, ఇది రాత్రనక పగలనక తగ్గకుండా కాపాడుతోంది. తన ఉరితాడు తనే పేనుకుంటోంది, అదీ ఒక్క ముడి తేడా లేకుండా. హిమబిందు నంబరు నా చేతిలో ఫోన్‌లోనే ఉంది. ఒక్క మాట చాలు. మళ్ళీ కొత్త సంచులు ముంచేవాళ్ళు, ఇంకో నలభై రోజులు, అంతే.

అప్పుడు మా ఆయన తల తిప్పి చూసిన చూపు గుర్తొచ్చింది. తీగ ఎవరు తెచ్చారు. బాదం చెట్లు ఎవరు కొట్టించారు. ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ ఇక వంటింట్లోకే కాదు, చెరువు గట్టుకి కూడా తీసుకొస్తాడు.

"మంచి పని చేస్తున్నావు కాళమ్మా," అన్నాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఆ గుంటకి సెప్పకండి అమ్మగోరు. సెప్తే కట్టినట్టు కాదు."

చెప్పను అన్నాను. కరివేపాకు కోసుకుని ఇంటికొచ్చాను. ఆ పదిరోజులూ నాకు నేను ఒకటే చెప్పుకున్నాను, మాటిచ్చాను కదా అని. మాట నిలబెట్టుకున్నానట! నా మొహం. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, దానికి మాట నిలబెట్టుకోవడం అని పేరు పెట్టుకున్నాను.

నలభయ్యో రోజున హిమబిందు సంచులు తీసుకెళ్ళింది. ఇంకో వారానికి అందరం చెరువు గట్టున కలిశాం. మా ఆయన కుర్చీలో, గణపతి నిలబడి, నేను చెట్టు కింద, కాళమ్మ నేల మీద. ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది. రెండుసార్లు తూచిందట, మూడోసారి కూడా తూచిందట. బాదం ఆకు మూడోవంతు తగ్గింది. తీగ ఆకు అంతకూడా తగ్గలేదు. తను పుస్తకాల్లో చదివినదానికి ఇది పూర్తిగా తలకిందులుగా ఉందని, ఎక్కడ తప్పు జరిగిందో తెలియట్లేదని గొణిగింది. రీసెర్చి గైడ్ చివాట్లు పెట్టాడని కళ్ళనీళ్ళు తిరుగుతుంటే అవతలికి తిరిగింది.

తీగ ఆకు దాదాపు తగ్గలేదన్న మాట కాళమ్మ చెవిన పడింది. అంతే, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. లేచి నిలబడింది. మా ఆయన వైపు, గణపతి వైపు చూసి, "సూసినారా బాబూ, తగ్గనేదు," అంది.

గణపతి ఆవిడ నవ్వు చూశాడు. చేపలన్నీ చచ్చాక, తన పాపం బయటపడ్డాక కూడా నవ్వుతోందనుకున్నాడు. నేల మీద ఉమ్మి వెళ్ళిపోయాడు. కాళమ్మ నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. మా ఆయన షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు, సాయంత్రంలోపు. ఆవిడకి బోధపడలేదు. తగ్గలేదు కదా బాబూ అని మళ్ళీ అంది. మా ఆయన విసుక్కుని, అందుకే పొమ్మంటున్నాను అన్నాడు. అప్పుడు ఆవిడ నా వైపు చూసింది. అడగలేదు. తరుగు కట్టినదాన్ని నేనని ఆవిడ చెప్పకూడదు, చెబితే కట్టినట్టు కాదు. నేను చెప్పొచ్చు. నేను చెప్పులో దూరిన రాయి తీసుకోవడానికి వంగాను.

సాయంత్రం రేకులు విప్పేస్తుంటే ఆవిడ మా వస్తువులన్నీ వరసగా పెట్టింది. గేటు తాళం, కొడవలి, విసురు వల, అల్యూమినియం బేసిన్. ఎప్పుడో ఎనిమిదేళ్ళ కిందట పులిహోర పంపిన స్టీలు డబ్బా, నేను మరిచేపోయాను, మూతతో సహా తోమి పెట్టింది. మూట చంకలో పెట్టుకుని నా ముందుకొచ్చింది.

"మీది నా కాడ ఏటన్నా ఉండిపోనాదా అమ్మగోరు?"

"ఏమీ లేదు," అన్నాను.

మరుసటి ఏడు మా ఆయన మళ్ళీ చేప పిల్లలు వేశాడు. షెడ్డు లేదు, కాపలా లేదు, గేటుకి పెద్ద తాళం. మే నెలాఖరున వాన కొట్టింది, నీళ్ళు లేచి తీగ మునిగింది, వారానికి చెరువంతా మళ్ళీ తెల్లటి పొట్టలు. ఆయన గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. కాళమ్మ పేరు ఎత్తలేదు. మనకి చేపలు అచ్చిరావు అని, లారీలతో మట్టి పోయించి చెరువు పూడ్పించేశాడు. దాని మీద గోడౌన్ కడతాడట. పూడ్చిన మట్టి మీద ఆ తీగే పాకుతోంది, పువ్వులు కూడా పూసింది.

అప్పుడు వెళ్ళాను, సిగ్గులేకుండా. అబర్డీన్ బజార్‌లో, బస్టాండు వెనక సందు చివర, గోనె మీద నాలుగు కుప్పల ఎండుచేపలు పెట్టుకుని కూర్చునుంది కాళమ్మ. ఎవరి దుకాణం అరుగు మీదో పడుకుంటుందట. పక్కనున్న చేపలమ్మేవాళ్ళు నీళ్ళకి వెళ్ళినా, భోజనానికి వెళ్ళినా, తమ తట్టలు చూస్తుండమని అవతలి చివర ఉన్నవాళ్ళకి చెప్పి వెళ్తున్నారు. పక్కనే ఉన్న ఈవిడకి చెప్పట్లేదు. నేను నిలబడ్డ పావుగంటలో రెండుసార్లు చూశాను. ఆవిడ తల వంచుకుని తన చేపల మీద ఈగల్ని తోలుకుంటోంది.

కూర్చుని చెప్పాను. చేపలు మళ్ళీ చచ్చాయని, నువ్వు లేకపోయినా చచ్చాయని, ఆ తీగే చంపిందని. సంచుల్లో ఆకు తగ్గితేనే నీకు మంచిదయ్యేదని, తగ్గుతోందో లేదో చూడడానికే ఆ పిల్ల పెట్టిందని. ఆవిడ విసనకర్ర ఆపి విన్నది.  నేను తిట్టు కోసం ఎదురుచూశాను. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో.

"అయితే ఆ గుంట పనంతా నానే పాడుసేసినాను," అంది. "ఏడిసింది కదా ఆ రోజు. నా మూలానే ఏడిసింది."

గోనె మీద ఉన్నవాటిలో మంచి నెత్తళ్ళు ఏరింది. ఒక్కో గుప్పెడు అరచేతిలో ఎత్తి చూసుకుంటూ కాగితంలో పోసింది, పోసిన దాని మీద ఇంకో గుప్పెడు వేసి దారం కట్టింది. ఇది ఆ పాపకి ఇవ్వండి, తెలక సేసినానని సెప్పండి అని నా చేతిలో పెట్టింది. ఇంకొకటి అడుగుతుందనుకున్నాను. ఈ సంగతి మీకు అప్పుడే తెలుసా అని. ఆవిడకి ఆ అనుమానమే రాలేదు. రాదు కూడా.

ఆ పొట్లం నేను ఇవ్వలేదు. ఇస్తే ఎందుకో చెప్పాలి. అదంతా చెబితే, ఆంటీ మీకెలా తెలుసు అని అడుగుతుంది. హిమబిందు చెరువుల పని వదిలేసి ఇప్పుడు వేరే ఏదో చదువుతోంది. తనకి తూచడం కూడా రాదనుకుంటోందని వాళ్ళమ్మ చెప్పింది.

బజారుకి వెళ్ళినప్పుడల్లా కాళమ్మ నన్ను దూరం నుంచే గుర్తుపట్టి లేచి నిలబడుతుంది. ఆ గుంటకి ఇచ్చినారా అని అడుగుతుంది. ఇచ్చాను అంటాను. ఏటన్నాది అంటుంది. కోపం లేదంది, బాగున్నాయంది అంటాను. ఆవిడ తృప్తిగా కూర్చుంటుంది. ఇలా నాలుగుసార్లయింది.

మొన్న సామాన్ల గదిలో అటక మీద దాచిన ఆ పొట్లం కిందికి దించి విప్పాను. పురుగు పట్టింది. సగం పొడి, కింద కొన్ని తలకాయలు. పొడి దులిపి, మిగిలినవి అదే కాగితంలో చుట్టి, అదే దారం కట్టి మళ్ళీ పైన పెట్టేశాను.